నాకా ముక్క

గడ్డ జారిపోకుండా మోకాలు అడ్డం పెట్టి, పర్వతాలు దాన్ని మెల్లగా సైకిలు వెనక చట్రం మీదికి ఎక్కించుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ ముందు తడి బండల మీద అప్పుడే ఎండ పడుతోంది. కింద గోనె, గోనె మీద రంపపుపొట్టు, పొట్టు మీద గడ్డ, దాని చుట్టూ మళ్లీ పొట్టు, పైన మరో గోనె. తాడు తిప్పి తిప్పి చివరి ముడిని పళ్లతో బిగించాడు. గడ్డ పట్టుకున్నాక వేళ్లకు కాసేపు స్పర్శ ఉండదు. ముడి ఎప్పుడూ పళ్లదే. ముందు పళ్లు రెండు ఆ పనిలోనే పోయాయి. ఇప్పుడు పక్కపళ్లతో లాక్కొస్తున్నాడు.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, మెడ కాస్త ముందుకు సాగి ఉంటాడు. ఎండాకాలమంతా చొక్కా వీపు తడిగానే ఉంటుంది. అది చెమట కాదు, వెనక గడ్డ చెమ్మ. వీపు వణుకుతుంటే నెత్తి మాడుతుంది. తండ్రి బొల్లారంలో దొరల బంగళాలకు కట్టిన వట్టివేళ్ల తడకల మీద పొద్దస్తమానం నీళ్లు చల్లేవాడు. లోపలివాళ్లకు చల్లగాలి, చల్లేవాడికి ఎండ. కొడుకు పని మారింది గాని ఎండలో నిలబడే చోటు మారలేదు. ఐసునీళ్లు తాగితే పర్వతాలుకు పళ్లు జివ్వుమంటాయి, అందుకని తాగడు. ఆ మంచు వల్ల సుఖపడింది ఎవరైనా ఉంటే అది భార్య బుచ్చమ్మే. మధ్యాహ్నం అతను ఇల్లు చేరగానే ఆ రెండు చేతులూ లాక్కుని కళ్ల మీద పెట్టుకునేది. "నీతోటి నాకు దక్కింది గీ ఒక్క సుఖమే" అనేది.

సికిందరాబాదు స్టేషను దగ్గరి ఫ్యాక్టరీ నుంచి సీతాఫల్‌మండి దాకా రోజూ ఒకే దారి. రైలు వంతెన దాటాక దారికి అడ్డంగా ఒక వాసం, పక్కన రేకుల గుడిసె, గుడిసె ముందు నీళ్ల కుండ. అది పోలీసు నాకా. పర్వతాలు ఈ పనిలో చేరిన మొదటి వారమే అక్కడి జమేదారు అతన్ని ఆపి, గోనె విప్పించి, కుండలోకి పట్టేటంత ముక్క కొట్టించుకున్నాడు. మర్నాడు ఆపకముందే పర్వతాలే దిగాడు. దానికి నాకా ముక్క అని పేరు కూడా పడింది. సోడా దుకాణంలో గడ్డ చిన్నదైందేమని అడిగితే దారిలో కరిగిందని చెప్పేవాడు. వాళ్లకూ తెలుసు. ఎండాకాలం ఎండది, నాకా ముక్క నాకాది అన్నట్టు అన్నేళ్లూ గడిచిపోయాయి.

పోయిన సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం సర్కారు లొంగిపోయింది. నాకా దగ్గర పాత జమేదారు పోయి, మద్రాసు వైపు నుంచి కొత్త జవాను వచ్చాడు. చక్కటి తెలుగు మాట్లాడతాడు, నుదుట కుంకుమ బొట్టు పెట్టుకుంటాడు. మనవాడే వచ్చాడని పర్వతాలు సంబరపడ్డాడు. ఇంతకాలం పోలీసుతో మాట్లాడాలంటే వచ్చీరాని ఉర్దూ వెతుక్కోవలసి వచ్చేది. ఇక ఆ తిప్పలు లేవు. కానీ మొదటి రోజే ఆ జవాను చెయ్యి ఎత్తి ఆపాడు. "నువ్వేనా ఐసు పర్వతాలు? రోజూ ఓ ముక్క పెట్టి వెళ్తావటగా, మా ముందాయన చెప్పాడు" అన్నాడు. లాఠీ, లాంతరు, కుండ, ముక్క అన్నీ కలిపి చార్జి అప్పగించి పోయాడన్నమాట పాతాయన.

చలికాలం వెళ్లాక సీతాఫల్‌మండిలో మిషను బడి వరండాలో సాయంత్రం క్లాసు మొదలైంది. పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పే దేవకృప టీచరమ్మ కృష్ణా జిల్లా మనిషి. సన్నగా, గట్టి గొంతుతో ఉండేది. భర్త యేసురాజు అదే బడిలో లెక్కల సారు. సోడా దుకాణంలో గడ్డ దించి పర్వతాలు ఆ వరండా స్తంభానికి ఆనుకుని నిలబడితే, నిలబడ్డవాడికి కూడా పలక ఇచ్చింది ఆమె. బుచ్చమ్మ మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలకల్లా మా ముసలోడు బడికి పోతుండని చెప్పి నవ్వేది.

అక్షరాల మధ్యలో టీచరమ్మ ఇంకా ఏవేవో చెప్పేది. ఒక రోజు సైకిళ్ల సంగతి వచ్చింది. వరండాలో సగం మంది సైకిలు మీద బతికేవాళ్లే. పాలు, బట్టల మూటలు, రొట్టెలు మోసేవాళ్లు. పోలీసు ఆపితే పారిపోవద్దంది. దిగి, మర్యాదగా నిలబడి, ఎందుకు ఆపారో అడగమంది. మునిసిపాలిటీ లైసెన్సు బిల్ల చూపించాలి, పొద్దుపోతే దీపం చూపించాలి. "అంతకుమించి బండి మీద ఉన్నదాంట్లో చిటికెడు కూడా వాళ్లది కాదు. బండి పట్టుకుంటామంటే కాగితం రాసిమ్మని అడగండి" అంది. ఆ మాట పర్వతాలు దారి పొడుగునా తొక్కుతూ తొక్కుతూ వల్లించుకునేవాడు. నాకా కనబడగానే కాళ్లు వాటంతటవే ఆగేవి. చేతులు వాటంతటవే గోనె విప్పేవి. ఇన్నేళ్ల చేతులు మరి.

ఆ మే నెలలో టీచరమ్మకు టైఫాయిడు పట్టుకుంది. జ్వరం తలకెక్కితే కష్టమనీ, మధ్యాహ్నమంతా తల మీద మంచు తీయకుండా ఉంచాలనీ డాక్టరు చెప్పాడట. ఇవాళ సోడా దుకాణానికి రెండో దఫా వస్తానని చెప్పి, మొదటి గడ్డ పూర్తిగా ఆమెకే తీసుకుపోతున్నాడు పర్వతాలు.

నాకా దగ్గర దిగాడు. గోనె మీద చెయ్యి వేశాడు గాని విప్పలేకపోయాడు. సోడా గడ్డలో ముక్క కొడితే సోడా పోతుంది. ఇందులో కొడితే ఏం పోతుందో అతనికి తెలుసు.

"ఇయ్యాల ముక్క రాదు సారూ. పంతులమ్మకు జరం, నెత్తి మీద పెట్టెతందుకు కొంటవోతున్న" అన్నాడు.

జవాను కోప్పడలేదు. నవ్వాడు. అయితే బిల్ల చూపించమన్నాడు. పర్వతాలు చూపించాడు. గంట కొట్టమంటే కొట్టాడు. బ్రేకు నొక్కమంటే నొక్కాడు. దీపమేదన్నాడు జవాను. పట్టపగలు దీపమెందుకని పర్వతాలు అడిగాడు. అడగడం అదే మొదటిసారి. మాట బయటికొచ్చింది, ఆ వెనకే రెండోదీ వచ్చింది.

"నన్ను ఎందుకాపిండ్రు సారూ? బండి పట్టుకుంటే కాగితం రాసియ్యుండ్రి."

జవాను ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. తర్వాత వంగి, వెనక చక్రం వాల్వు విప్పి జేబులో వేసుకున్నాడు. గాలి బుస్సుమని పోయి చక్రం నేలకు అణిగింది. "కాగితం కావాలా? రైటరుగారొస్తారు, రాయించుకుని వెళ్లు. అదిగో, నీడలో కూర్చో" అన్నాడు.

పర్వతాలు కూర్చోలేదు. సైకిలును గుడిసె నీడలోకి ఈడ్చి, తను ఎండవైపు నిలబడి గోనెకు తన వీపు అడ్డం పెట్టాడు. పాలవాళ్లు వెళ్లారు, కట్టెల బండి వెళ్లింది, వాసం లేస్తోంది, పడుతోంది. గోనె మూలనుంచి మొదట చెమ్మ, తర్వాత చుక్క, తర్వాత ధార పట్టింది. ఆ ధార మట్టిలో పడి గుంట చేస్తుంటే జవాను చూశాడు. లోపలికెళ్లి కుండ తెచ్చి సరిగ్గా దాని కింద పెట్టాడు. పొట్టు పడకుండా మూతికి గుడ్డ కూడా కట్టాడు. దారిన పోయేవాళ్లు చూసి నవ్వారు.

పర్వతాలుకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడైనా ఒక ముక్క కొట్టిస్తే వాల్వు చేతిలో పడుతుంది, అది తెలుసు. గోనె ముడి దాకా చెయ్యి పోయింది కూడా. కానీ ఇంతసేపు నిలబడ్డాక ఇస్తే కరిగినదీ దండగే, ఇచ్చినదీ దండగే. ఇంకో బండి చూద్దాం, ఇంకో మనిషిని చూద్దాం, రైటరు వచ్చేస్తాడు అనుకుంటూ నిలబడిపోయాడు. అలా అనుకున్నప్పుడల్లా కుండలో నీళ్ల చప్పుడు మారుతోంది. ఖాళీ కుండ చప్పుడు పోయి నిండు కుండ చప్పుడు వచ్చింది.

రైటరు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బొద్దుగా, తొందర మీద ఉన్నాడు. ఏమిటి నేరమని అడిగాడు. జవాను చేతులు కట్టుకుని, "నేరమేం లేదండీ. నేను పట్టుకోలేదు. కాగితం కావాలని తనే నిలబడ్డాడు" అన్నాడు. పట్టుకోనప్పుడు కాగితమెందుకని రైటరు పర్వతాలునే కసిరాడు. వాల్వు చేతిలో పడింది. కాగితం లేదు, గాలి కొట్టే పంపూ లేదు. చదునుగా అణిగిన చక్రంతో సైకిలును సీతాఫల్‌మండి దాకా తోసుకుంటూ పోయాడు. అడుగడుగుకూ బరువు తగ్గుతున్నట్టు చేతులకు తెలుస్తూనే ఉంది.

యేసురాజు సారు గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. గోనె విప్పితే గడ్డ సగానికి సగం లేదు. ఏమైందని అడిగాడు. నాకా కాడ ఆపారని పర్వతాలు చెప్పాడు. సారు నుదురు కొట్టుకోలేదు, కేకలెయ్యలేదు. "ఓ ముక్క వాళ్ల మొహాన కొట్టి రావలసింది పర్వతాలూ" అని మాత్రం అన్నాడు. అని, గడ్డను రొమ్ముకు హత్తుకుని లోపలికి పరుగెత్తాడు.

వరండాలోంచి మంచం కనబడుతోంది. టీచరమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె ఒక్క మాటంటే చాలు అనిపించింది అతనికి. ఇయ్యలేదమ్మా, నువ్వు చెప్పినట్టే అడిగిన అని చెప్పుకోవాలనిపించింది. "టీచరమ్మా" అని పిలిచాడు. ఆమె అతని వైపు తిరిగి, చూపు అతని పక్కన ఎక్కడో నిలిపి, పలకలు కింద పెట్టమనీ, చేతులు కట్టుకోమనీ ఎవరికో చెబుతోంది. కాసేపు నిలబడి, పర్వతాలు నిజంగానే చేతులు కట్టుకున్నాడు. తర్వాత వచ్చేశాడు.

పొద్దుగూకే వేళ చిలకలగూడలో అతని ఇంటి ముందుకు నోవహు వచ్చాడు. రైల్వేలో పనిచేస్తాడు, సారు ఇంటి పక్కవాడు. ఇంకా ఐసు దొరుకుతుందా అని అడిగాడు. ఎంత కావాలంటే రెండు నిండు గడ్డలన్నాడు.

"పొద్దుగాల బెజవాడ బండికి పంతులమ్మ తమ్ముడొస్తడట. అందాక ఉంచాలె" అన్నాడు, చూపు నేల మీద పెట్టి.

జ్వరానికి రెండు గడ్డలు అడగరు. బుచ్చమ్మ చీపురు చేతిలోనే పట్టుకుని గోడకు ఆనుకుంది. పర్వతాలు లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ఒక గడ్డ వెనక, ఇంకోటి చట్రం మధ్యలో కట్టుకుని నాకా చేరేసరికి చీకటి పడింది. వాసం కిందికి దించి ఉంది. జవాను లాంతరు ఎత్తి చూసి, నవ్వబోయాడు. ఇంత రాత్రి ఐసెవరికన్నాడు. పీనుగ కిందికి అని పర్వతాలు చెప్పాడు. పొద్దున చెప్పిన పంతులమ్మకే అని కూడా చెప్పాడు.

గోనె మీదికి చాచిన చెయ్యి జవాను వెనక్కి తీసుకున్నాడు. నిక్కరుకు తుడుచుకున్నాడు. తలపాగా సర్దుకుని, తనే పోయి వాసం ఎత్తి పట్టుకుని పక్కకు నిలబడ్డాడు. పర్వతాలు కదల్లేదు.

"దీపం లేదు సారూ."

"ఫరవాలేదులే, వెళ్లు."

"చీకటి పడ్డది. దీపం లేదు. రెండు గడ్డలున్నయి, బ్రేకు సుత పట్టది. గిప్పుడాపుండ్రి. ఇప్పుడు తప్పు నాదే."

"వెళ్లవయ్యా బాబూ. శవం దగ్గరికి పోయే దాన్ని ఎవడాపుతాడు" అన్నాడు జవాను. గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టుగా అన్నాడు. వాసం ఎత్తిన చేతులు బరువుకు వణుకుతున్నాయి. పర్వతాలు ఆ చేతులు బాగా నొప్పెట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత సైకిలు తోసుకుంటూ వాసం కిందనుంచి అవతలికి పోయాడు.

సారు ఇంట్లో మనుషులు చాప మీద కూర్చుని తగ్గు గొంతుతో పాడుతున్నారు. టీచరమ్మను తెల్ల చీరలో బెంచీ మీద పడుకోబెట్టారు. బెంచీ కింద ఇత్తడి గంగాళాలు పెట్టించి, పర్వతాలు గడ్డల్ని తనే పగలగొట్టి నింపాడు. పక్కలకు పొట్టు కూరాడు. పొద్దుటికి ఎంత మిగులుతుందో, ఏ వేళకు నీళ్లు తోడిపోయాలో నోవహుకు చెప్పాడు. తెలిసిన పనిలో చేతులు తడబడలేదు.

యేసురాజు సారు అతన్ని వెనక వరండాలోకి పిలిచాడు. "నువ్వు తెచ్చాక కాసేపు జ్వరం దిగింది పర్వతాలూ. నిద్రపోయింది కూడా" అన్నాడు. మధ్యాహ్నం తనన్న మాట వెనక్కి తీసుకోవడానికి అంటున్నాడో, నిజంగా దిగిందో తెలియలేదు. గడ్డ నిండుగా వచ్చి ఉంటే ఏమయ్యేదని అడగడానికి పర్వతాలుకు నోరు రాలేదు. సారు తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

పర్వతాలు చేతులు కడుక్కుందామని తొట్టి వైపు తిరిగాడు. టీచరమ్మ తల మీద పెట్టేందుకు ఆసుపత్రి నుంచి అరువు తెచ్చిన ఎర్ర రబ్బరు ఐసు సంచి కిటికీ ఊచకు వేలాడుతోంది. మూత బిగించే ఉంది, గాలికి ఊగి ఊచకు తగిలినప్పుడల్లా లోపల కరగకుండా మిగిలిన ఐసు పెంకేదో చిన్నగా చప్పుడు చేస్తోంది.