కింద నిలబడ్డ అక్క

అక్క పగలంతా బేకరీలో పిండి మూటలు మోసేది. సాయంత్రం జిమ్‌లో చెల్లిని మోసేది. రెండింట్లో మూటలే నయమనేది; అవి నోరెత్తవు.

చెల్లికి పదమూడేళ్లు, ఇంట్లో పిచ్చుక అంటారు. అక్కకు పంతొమ్మిది. ఇద్దరూ ఆక్రోబాటిక్ జిమ్నాస్టిక్స్‌లో జంట. బాబాయి ఒకసారి ప్రాక్టీసు చూడటానికొచ్చి హాలంతా కలియజూశాడు.

“బార్లేవీ? రింగులేవీ? సామాను ఎవరైనా ఎత్తుకుపోయారా?”

“మనుషులే సామానండీ,” అంది కోచ్ మేడమ్. “ఒకరు కింద, ఒకరు పైన. కదలకుండా నిలబడేది ఒక రౌండు, గాల్లో పల్టీలు కొట్టేది ఇంకో రౌండు. అన్నీ పాటకి తగ్గట్టు.”

“అంటే సర్కసే కదా!”

“సర్కసులో ఎప్పట్నుంచో ఉంది. డెబ్బై నాలుగులో మొదటి ప్రపంచ పోటీలు పెట్టి జడ్జీల్ని కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టాల్సిన చోట మార్కులు కోస్తారు, అంతే తేడా.”

ఆ ఏడాది మొదటి పోటీలో అక్కాచెల్లెళ్లకు రెండో స్థానం వచ్చింది. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. చెల్లి తలకిందులుగా, కాళ్లు బారజాపి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. అక్కవి మణికట్ల దాకా రెండు చేతులున్నాయి. మిగతా అక్కను పేపరువాళ్లు కత్తిరించేశారు. అమ్మ దానికి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది. వచ్చినవాళ్లు “ఆ చేతులెవరివి?” అంటే, “మా పెద్దదానివే!” అని మురిసిపోయేది.

అక్క నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు చెల్లి, “బ్యాలెన్స్ చేసేది నేను. నువ్వు ఊరికే నిలబడతావుగా, అందుకే ఫొటోలో కత్తిరించారు,” అంది.

“అయితే ఊరికే నిలబడేవాళ్లని వెతుక్కో,” అని అక్క జిమ్ మానేసింది.

మేడమ్ బరువులెత్తే అమ్మాయినొకదాన్ని పట్టుకొచ్చింది. ఆ పిల్ల గుంజలా నిలబడింది. చెల్లి ఆమె అరచేతుల్లో చేతులు ఆనించి కాళ్లు పైకెత్తి, బోర్లా పడింది. రెండోసారి వెల్లకిలా పడింది. మూడోసారి ముక్కు చాపకు గుద్దుకుంది.

“ఈమె అస్సలు కదలట్లేదు మేడమ్!”

“బ్యాలెన్స్ చేసేది నువ్వు కాదే పిచ్చుకా. నువ్వు కర్రలా బిగుసుకుని ఉండాలి. ఎటు ఒరిగితే అటు వేళ్లతో, మణికట్లతో సర్దేది కిందివాళ్లే. మీ అక్క ఐదేళ్లుగా చేస్తున్నది అదే. నీకు చెప్పలేదా?”

“చెప్పింది. నేను వినలేదు.”

చెల్లి తిన్నగా బేకరీకి వెళ్లింది. అక్క మోచేతుల దాకా పిండిలో ఉంది.

“అక్కా, వచ్చెయ్.”

“దేనికి? ఊరికే నిలబడటానికా?”

“నా ముక్కు చూడు. మేడమ్ తెచ్చిన అమ్మాయి ఉత్త గోడే. నువ్వు గోడవి కాదు.”

“ఇది పొగడ్తా?”

“తప్పయిపోయింది. ఇంకెలా అడగాలి నిన్ను!”

అక్క పిండి చేతులతోనే చెల్లి బుగ్గలు రెండూ రుద్దిపారేసింది. ఒప్పుకున్నట్టే లెక్క.

నెల తర్వాత పోటీ. అక్క గొంతుక్కూర్చుని, చెల్లిని తలకిందులుగా చేతుల మీద నిలబెట్టుకుని మెల్లగా లేవాలి. సగం లేచేసరికి డ్రెస్సు వెనకవైపు కుట్టు పర్రుమంది. హాలంతా గొల్లుమంది. చల్లగాలి తగిలి అక్కకు సంగతి అర్థమైంది. కానీ రెండు చేతులూ ఖాళీ లేవు. మూడు సెకన్లు నిలపకపోతే ఆ భంగిమ లెక్కలోకే రాదు.

“ఏమైందక్కా?” చెల్లి పెదాలు కదపకుండా అడిగింది.

“నోర్మూసుకుని కర్రలా ఉండు.”

ఒకటి. రెండు. మూడు. ఎలాగూ పోవాల్సిన పరువు పోయిందని అక్క నాలుగు కూడా లెక్కపెట్టింది. నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. చెల్లి దిగి చూసి, మిగతా పాటంతా అక్క వీపుకు అతుక్కునే ఆడింది. మేడమ్ నెత్తి కొట్టుకుంది. జడ్జీలు డ్రెస్సు చిరిగినందుకు కాస్త మార్కులు కోశారు.

రెండో రౌండుకు ముందు చెల్లి సూదీ దారం అడిగి తెచ్చి అక్క వెనకాల మోకాళ్ల మీద కూర్చుంది.

“విప్పి ఇవ్వక్కా, గుచ్చుకుంటుంది.”

“టైమెక్కడుంది? ఇలాగే కుట్టు.”

చెల్లి రెండుసార్లు గుచ్చింది. అక్క నాలుగుసార్లు తిట్టింది. మైకులో తమ నంబరు వినపడగానే ఇద్దరూ పరుగెత్తారు. ఆ రౌండులో అక్క చెల్లిని ఎన్నడూ విసరనంత ఎత్తుకు విసిరింది. చెల్లి గాల్లో రెండు పల్టీలు కొట్టి దిగింది. కుట్టు ఊడలేదు. మూడో స్థానం వచ్చింది.