వంటవాడు చచ్చే సీను

సినిమాకు పోదామని పట్టుబట్టింది నవత. ఆమె చెల్లెలు దీపిక అప్పటికే చూసొచ్చి, కళ్లు వాచేలా ఏడ్చానని అందరికీ చెప్పుకుంటోంది. కరీంనగర్‌లో ఏ గోడ చూసినా అదే పోస్టరు. కాలిపోతున్న ఊరి నడుమ సైనికుడొకడు నర్సును ఎత్తుకొని నడుస్తుంటాడు. నవత పనిచేసే బట్టల దుకాణంలో ఆడవాళ్లంతా చూసేశారు.

ఆమె భర్త కరుణాకర్ ట్రాలీ ఆటో నడుపుతాడు. పదేళ్ల కిందట ఇరాక్‌లో ఒక కంపెనీ క్యాంపులో పనిచేస్తూ నిజంగానే యుద్ధంలో చిక్కుకొని తిరిగొచ్చాడు. ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తడు.

"లవ్ స్టోరీనే బావా. యుద్ధం ఊకె ఎనకాల నడుస్తది," అంది దీపిక. నవతకు కరుణాకర్ మేనబావ కావడంతో అక్కాచెల్లెళ్లిద్దరూ అతన్ని అలాగే పిలుస్తారు.

ముగ్గురూ పోయేసరికి హాలు కిక్కిరిసి ఉంది. తెర మీద బాంబులు పాటకు తాళం వేసినట్టు పడుతున్నాయి. నర్సు తెల్లచీరకు మరక అంటదు. శవాలు కూడా ఒద్దికగా పడుకున్నాయి. వాటి మీద ఒక్క ఈగ లేదు. కరుణాకర్ ఈగల కోసమే వెతికాడు.

రెండో సగంలో సైనికుల క్యాంపు వచ్చింది. అందులో ఒక లావుపాటి వంటవాడు. సాంబారు రుచి చూస్తుండగా బాంబు పడి ఎగిరి, తలకిందులుగా ఆ సాంబారు గుండిగలో పడతాడు. కాళ్లు కాసేపు గాలిలో తన్నుకొని ఆగిపోతాయి. దానికి సంగీతంలో పీపీ వాయించారు. హాలంతా ఘొల్లుమంది. వెనక ఎవరో దగ్గు వచ్చేదాకా నవ్వారు. నవత కూడా నవ్వింది. ఆ వెంటనే పొగలో హీరో, హీరోయిన్ ముద్దు. ఈలలు.

కరుణాకర్ లేచాడు. పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటికి పోయి, మూత్రశాలలో కక్కుకున్నాడు.

ఆట అయ్యాక అక్కాచెల్లెళ్లు బయటికొచ్చేసరికి, యూట్యూబ్ చానెల్ కుర్రాడొకడు అతని మూతి ముందు మైకు పెట్టి ఉన్నాడు.

"అన్నా, కండ్లు ఎర్రగున్నయ్. బాగ ఏడ్చినట్టున్నవ్. సినిమా ఎట్లుంది?"

కరుణాకర్ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. ఆ పూట మాట్లాడాడు.

"నేను ఇరాక్‌ల ఉన్నప్పుడు నాతోని ఒక వంటాయన ఉండె. రాయమల్లు. క్యాంపు మీద షెల్లు పడ్డది. కడుపు పలిగింది. నీళ్లడిగితే తాపినం. తాపిన నీళ్లు బయటికే వచ్చినయ్. నొప్పికి బాగసేపు ఒర్లి ఒర్లి పానం ఇడిసిండు. రోడ్లన్నీ బందు. శవాన్ని యాడ పెట్టాల్నో తెల్వక కూరగాయలు పెట్టే చల్లటి గదిల పెట్టినం. ఆకలైతే గా చల్లటి గదిలకెల్లే ఆలుగడ్డలు తెచ్చుకొని వండుకున్నం. తిన్నం. నేను గూడ తిన్న. ఇప్పుడు లోపట వంటాయన చస్తుంటే అందరు నవ్వుతున్రు. నాకు కక్కొచ్చింది. గింత గలీజు సినిమా నేను చూడలే."

"సూపర్ అన్నా," అన్నాడు కుర్రాడు.

ఇంటికి పోయేదాకా నవతకు ఆ ఆలుగడ్డలే గుర్తొచ్చాయి. ఇన్నేళ్లుగా ఆలుగడ్డ కూర వండితే అతను ఒంటికి పడదని పక్కకు జరిపేవాడు. కడుపులో గ్యాసనుకుంది. తాళం తీస్తూ, "నేను గూడ నవ్విన బావా," అంది.

"ఊ," అన్నాడతను.

మరునాటికి వీడియో వచ్చింది. 'ఇరాక్‌ల ఉన్నప్పుడు నాతోని ఒక వంటాయన ఉండె, రాయమల్లు' అన్నంత వరకే మాటలున్నాయి. తర్వాత కరుణాకర్ ఎర్రటి కళ్లు తెర నిండా పెట్టి, కింద సినిమాలోని ప్రేమపాట కలిపారు. 'యుద్ధం చూసిన అన్ననే ఏడిపించిన ప్రేమ' అని శీర్షిక. సినిమావాళ్లు కూడా దాన్ని పంచుకున్నారు. ఆటో అడ్డాలో జనం వచ్చి అతనితో సెల్ఫీలు దిగారు. ఒకాయన అతని చెయ్యి పట్టుకొని, "నాకు గూడ గట్లనే ఏడుపొచ్చింది," అన్నాడు. కరుణాకర్ ఆ చేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

నంబరు సంపాదించి ఆ కుర్రాడికి ఫోన్ చేశాడు.

"మొత్తం పెట్టు, లేకుంటే తీసెయ్."

"మొత్తం పెడితే ఎవ్వలు చూడరన్నా. గలీజుగుంటది," అన్నాడు కుర్రాడు.

ఆ వీడియో వేములవాడ చేరింది. రాయమల్లు భార్య బాలలక్ష్మి అక్కడ గుడి ముందు కొబ్బరికాయలు అమ్ముతుంది. నంబరు కనుక్కొని ఆమే ఫోన్ చేసింది.

"తమ్మీ, మా ఆయన పేరు చెప్పినవ్. గా సినిమాల వంటాయన గూడ ఉన్నడట గదా. నన్నొకసారి తీస్కపో."

"వద్దక్కా."

"ఎందుకు వద్దు?"

అది ఫోన్‌లో చెప్పే మాట కాదు. మరునాడు పొద్దున్నే వేములవాడ బస్సెక్కాడు.

రాయమల్లు ఒక్క క్షణంలో పోయాడని, బాధ తెలియలేదని కంపెనీ వాళ్లు ఆమెకు చెప్పారు. కరుణాకర్ గుడి ముందు గోనెసంచి మీద కూర్చొని ఉన్నదంతా చెప్పాడు. నీళ్లు, చల్లటి గది, ఆలుగడ్డలు, సినిమాలో వంటవాడు చచ్చే సీను. నడుమ ఎవరో కాయ అడిగితే ఆమె ఇచ్చి, మళ్లీ వినడానికి తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు. కొబ్బరికాయ పీచు పీకుతూ అడిగింది.

"సినిమాల గీ సీనుకే నవ్విన్రా?"

"నవ్విన్రు."

"ఆడోళ్లు గూడ?"

"ఆడోళ్లు గూడ."

ఆమె కాయల మీద ప్లాస్టిక్ పట్టా కప్పింది. "పా. చూస్త."

అతను ఆపలేకపోయాడు. కరీంనగర్‌లో మ్యాట్నీ ఆటకు నవత కూడా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. వంటవాడు గుండిగలో పడగానే హాలు మళ్లీ ఘొల్లుమంది. బాలలక్ష్మి లేచి, తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడింది. తెర వెలుగులో తెరుచుకున్న నోళ్లు కనిపించాయి. పళ్లకు అంటిన పేలాలు కనిపించాయి.

"కూసో అమ్మా, కనవడ్తలేదు."

"మీరు నవ్వుండ్రి. నేను జూస్తున్న," అంది ఆమె.

నవత లేచి ఆమె పక్కన నిలబడింది. కరుణాకర్ కూడా లేచాడు. "పిచ్చిదున్నట్టుంది," అంది ముందు వరుసలో ఒకామె. అప్పటికి తెర మీద ముద్దు సీను వచ్చింది. ఆ మాటన్న ఆమే కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. పెదవుల మీది నవ్వు ఇంకా ఆరనే లేదు. ఎవరో ఫోన్ ఎత్తి వీళ్లను వీడియో తీస్తున్నారు. టార్చి పట్టుకొని హాలు మనిషి వచ్చాడు. అతను చెయ్యి పట్టి లాగకముందే ముగ్గురూ బయటికి నడిచారు.

బయట ఎండ మండిపోతోంది. బాలలక్ష్మి రోడ్డు పక్క మోరీలో ఉమ్మింది.

"ఎవలదో ఎంగిలి తిన్నట్టుంది తమ్మీ."

నవత సీసా ఇస్తే నోరు పుక్కిలించి మళ్లీ ఉమ్మింది. తర్వాతి ఆటకు జనం అప్పటికే లోపలికి తోసుకుంటున్నారు. వాళ్లను తప్పించుకొని బస్టాండు వైపు నడిచారు. చాలా దూరం పోయాక ఆమె అడిగింది.

"మా ఆయన ఇంట్ల ఒక్కనాడు పొయ్యి ముట్టియ్యలే. ఆడ అందరికి వండి పెడుతున్న అని ఫోన్ల చెప్తే నేను నమ్మకపోయేదాన్ని. ఎట్ల వండేటోడు?"

"ఉప్పెక్కువేసేటోడు."

"తినేటోళ్లా మరి?"

"తిట్టుకుంట తినేటోళ్లం. ఒక్క మెతుకు మిగిలేది కాదక్కా."

ఆమె ఇంకా చెప్పమన్నట్టు అతని వైపు చూసింది. ముగ్గురూ బస్టాండు బెంచీ మీద కూర్చున్నాక కూడా అతను చెబుతూనే ఉన్నాడు. వేములవాడ బస్సు ఒకటి వచ్చి, వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు.