పంతొమ్మిది తలుపులు

ఆ పేట ఏ ఊరి లెక్కలోనూ లేదు. ఉత్తరాన ఉన్న ఊరు "మీరు దక్షిణం వైపువాళ్లు" అంటుంది. దక్షిణాన ఉన్న ఊరు "అబ్బే, మాకేం సంబంధం" అంటుంది. మధ్యలో, ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుకదిబ్బ వెనక పంతొమ్మిది ఇళ్లు ఒకే వరసలో ఉంటాయి. మంచినీటి గొట్టం రెండు మైళ్ల అవతలే ఆగిపోయింది.

పేటలో మొట్టమొదట డిగ్రీ చదివిన పిల్లను అందరూ 'డిగ్రీ' అనే పిలుస్తారు. గొట్టం కోసం అర్జీ పెట్టింది ఆమే. మూడేళ్లు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాక ఆ రోజు సర్వేయరు వచ్చాడు, చంకలో పాత పటం చుట్టతో.

పటం విప్పి, నుదురు గోక్కున్నాడు. "అమ్మాయ్, ఇందులో ఉన్న పేట అదిగో, ఆ అలలు విరుగుతున్న చోట ఉండాలి. మీది వేరే. మధ్యలో వచ్చి వేసుకున్న ఇళ్లయితే గొట్టం రాదు."

"అదే పేట సార్. సముద్రం మూడుసార్లు ముందుకొచ్చింది. మేం మూడుసార్లు వెనక్కి జరిగాం."

"జరిగినట్టు రుజువేది?"

డిగ్రీ తన ఇంటి వైపు చూసింది. గుమ్మంలో వల బాగుచేస్తున్న నాయనమ్మ తలెత్తింది.

"ఆ కాగితంలో ఇళ్లకి నంబర్లున్నాయా బాబూ?"

"ఉన్నాయమ్మా. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా."

"అయితే మా తలుపులు చూడు. అప్పట్లో మీలాంటాయనే ఒకాయన వచ్చి రేకు బిళ్లలు కొట్టిపోయాడు. సముద్రం వచ్చినప్పుడల్లా కుండలు వదిలేశాం గానీ తలుపులు వదల్లేదు. ఈ ఇసకలో కొయ్య ఎక్కడ దొరుకుతుంది? తలుపు నెత్తికెత్తుకోవడం, ఎవరి పక్కన ఎవరుంటే మళ్లీ వాళ్ల పక్కనే నిలబెట్టుకోవడం. పక్కింటిదానికీ నాకూ పదేళ్లు మాటల్లేవు. అయినా దాని పక్కనే దిగాను. ఇంకెక్కడ దిగుతాను?"

సర్వేయరు నవ్వుతూ లేచాడు. చాకుతో పొరలు పొరలుగా ఉన్న రంగు గీకుతూ పోయాడు. ఒకటి, రెండు, మూడు. కాలేజీ స్నేహితురాళ్లు వచ్చినప్పుడు ఈ అతుకుల తలుపులు చూసి డిగ్రీ సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు ఒక్కో అంకె బయటపడుతుంటే ఆ తలుపులు మోసిన నెత్తులన్నిటికీ దండం పెట్టాలనిపించింది.

పది దాటాక డిగ్రీ వాళ్ల ఇల్లు. గుమ్మానికి తలుపు లేదు, దాని బదులు రేకు ముక్క అడ్డం పెట్టి ఉంది.

"పదకొండు లేకపోతే కష్టం" అన్నాడు సర్వేయరు. "పటంలో ఉన్న ప్రతి ఇల్లూ తేలాలి. ఒక్కటి తగ్గినా పైవాళ్లు వెనక్కి పంపేస్తారు."

డిగ్రీ, గుమ్మం పక్కనే నిలబడి ఉన్న పడవలు చేసే తండ్రి వైపు తిరిగింది. "చెదపట్టిందని పారేశావు సరే, ఆ బిళ్లైనా దాచకూడదా నాన్నా?"

"చెప్పరా" అంది నాయనమ్మ. "ఇంకెన్నాళ్లు దాస్తావు?"

ఆయన లోపలికెళ్లి, డిగ్రీ నేలమీద కూర్చుని రాసుకునే పొట్టి బల్ల తెచ్చి అరుగు మీద బోర్లించాడు. అడుగున పాత నీలిరంగు. ఒక మూల తుప్పు పట్టిన బిళ్ల. పదకొండు.

"పదో తరగతి పరీక్షలకి వంగి వంగి రాసి మెడ పట్టేసిందన్నావు. పడవల చెక్క చేయించుకునేవాళ్లది, కొత్త చెక్క కొనే దారి నాకు లేదు. మేకులు లాగితే పగులుతుందని బిళ్ల అలాగే ఉంచేశా."

"మరి చెదలన్నావేం?"

"నిజం చెబితే దానిమీద రాసేదానివా?"

ఆ తర్వాత రెండు వానాకాలాలు గుమ్మానికి గోనెపట్టా వేలాడింది. చల్లగాలి బాగుంటుందంటూ ఆయన గుమ్మానికి అడ్డంగా పడుకునేవాడు. నిజమే కాబోలనుకుని ఆమె ఆ బల్ల మీద చదువుకుంది.

సర్వేయరు బల్లను చేత్తో తడిమాడు. "ఇంతకీ దీన్ని తలుపని రాయనా, బల్లనా?"

"తలుపే బాబూ" అంది నాయనమ్మ. "కొన్నాళ్లు చదువుకుంది, అంతే."

సర్వేయరు పకపకా నవ్వి, బల్ల తిరగేసి కాగితాలు పరిచాడు. "నా రాత కోడిగీతలు. ఇళ్ల వరస నువ్వు రాయమ్మా, సంతకం నేను పెడతా."

డిగ్రీ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్లు తుడుచుకుని ఒకటో ఇంటి నుంచి మొదలుపెట్టింది. వెనక నిలబడి చూస్తున్న తండ్రి, పరీక్షల రోజుల్లో లాగే, తన నీడ కాగితం మీద పడకుండా కాస్త పక్కకు జరిగాడు.