తూర్పు గేటు రిబ్బను

స్టేషన్ మొదలై ఐదు నెలలైంది. రైళ్లు ఆగుతున్నాయి, జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. తూర్పు గేటుకి మాత్రం ఇంకా ప్రారంభోత్సవం కాలేదు. గేటుకి అడ్డంగా కట్టిన ఎర్ర శాటిన్ రిబ్బను ఎండకి ఎండి, వానకి నాని, ఒకవైపు సగం గులాబీరంగుకి తిరిగింది. దాన్ని ఎవరు కత్తిరించాలన్న దాని మీద ఇద్దరు పెద్దమనుషులకి పంతం వచ్చింది. ఆ పంతం తేలేదాకా గేటుకి తాళం. ఇళ్లన్నీ తూర్పువైపే. పడమటి గేటు ముందున్నవి అమ్మకానికి పెట్టిన ఖాళీ ప్లాట్లు, వాటి హద్దుల్లో రంగురంగుల జెండాలు. ఆ గేటు మాత్రం మొదటిరోజు నుంచీ బార్లా తెరిచే ఉంది. జెండాలు రైలెక్కుతాయనుకున్నారో ఏమో.

కాలనీ జనం ఊరుకుంటారా? తూర్పు గేటు పక్కన గోడలో కాంట్రాక్టరు కట్టకుండా వదిలేసిన సందు ఒకటుంది. సంచీ ముందుకి పెట్టి, కడుపు లోపలికి పీల్చి, పక్కకి తిరిగి అందులోంచి దూరడం అందరికీ అలవాటైపోయింది. అందరివీ నెలవారీ పాసులే కాబట్టి టికెట్ కిటికీ మొహం చూసినవాళ్లు లేరు.

కటింగక్క కూడా అలాగే దూరేది. రెడీమేడ్ బట్టల కంపెనీలో గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర పని ఆమెది. అక్కడా ఇక్కడా అందరికీ కటింగక్కే. స్టేషన్ రాకముందు రెండు బస్సులు మారాలి కాబట్టి ఐదింటికే ఇల్లు వదిలేది. అప్పటికి తొమ్మిదేళ్ల కూతురు మంచి నిద్రలో ఉండేది. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు. పిచ్చుకకి నాయనమ్మ జడలు వేస్తే, ఆవిడకి చూపానక ఒకటి చెవి పైకి, ఇంకోటి మెడ కిందికి వచ్చేవి. ఇప్పుడు అక్క ఏడూ పదికి రైలెక్కితే చాలు. ఐదు నెలలుగా కూతుర్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తనే రెండు జడలూ అల్లుతోంది. పక్కబెంచీ పిల్ల అలిగిన సంగతీ, లెక్కల టీచరు వరసగా ఏడుసార్లు తుమ్మిన సంగతీ ఆ పావుగంటలోనే చెవిన పడేవి. తన కూతురు ఇంత వాగుడుకాయ అని ఆ తల్లికి ఈ ఐదు నెలల్లోనే తెలిసింది. ఆ పావుగంట కోసం ఆమె ఎవరితోనైనా పోట్లాడగలదు.

పోట్లాడాల్సిన రోజు రానే వచ్చింది. ఒక సాయంత్రం స్టేషన్ గోడ మీద కాగితం అంటించారు. మూడు రోజులు ప్రయాణికుల్ని లెక్కపెడతామనీ, అందులో ఒక్కరోజైనా ఐదువందల మంది దాటకపోతే ఒకటో తేదీ నుంచి రైళ్లు ఇక్కడ ఆగవనీ రాసి ఉంది. కాగితం అంటించేసరికే రెండు రోజులు గడిచిపోయాయి. లెక్కపెట్టే పనికి వచ్చిన లెక్కలాయన పడమటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, మనిషికోసారి మీట నొక్కే చిన్న మిషను పట్టుకుని కూర్చున్నాడు. మొదటిరోజు ముప్ఫైఒక్కరు, రెండోరోజు ఇరవైతొమ్మిది. సందులోంచి వచ్చిన వందలమంది ఆయన కంట పడనే లేదు. పడినా లాభం లేదు, గేటులోంచి వచ్చినవాళ్లే ప్రయాణికులట.

అక్కకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా స్టేషన్ మాస్టరు గదికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు గానీ, రూలు దాటమంటే ప్రాణం పోయినంత పని అవుతుంది. కాలనీవాళ్లు ఆయనకి రూలుబాబు అని పేరు పెట్టుకున్నారు. తూర్పు గేటు తాళంచెవి ఆయన తల వెనకే మేకుకి వేలాడుతోంది. గేటు తెరవమంటే సొరుగులోంచి ఉత్తర్వు తీసి చదివి వినిపించాడు. “రిబ్బను కత్తిరించిన వెంటనే గేటు తెరవవలెను.”

“ఎవరు కత్తిరించాలని ఉంది?” అని అడిగింది అక్క.

రూలుబాబు కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు. పేరు ఉండాల్సిన చోట వరసగా చుక్కలున్నాయి. పంతం తేలాక నింపుదామని వదిలేసినట్టున్నారు.

“ఎవరనేది రాయలేదమ్మా. నన్నేం చెయ్యమంటారు?”

“మీరేం చెయ్యక్కర్లేదు. రేపు పొద్దున ఆ తాళంచెవి జేబులో పెట్టుకుని రండి, చాలు.”

చీకటిపడే వేళకి కాలనీ జనమంతా సందు దగ్గర పోగయ్యారు. పోస్టాఫీసులో రిటైరైన పెన్షను బాబాయి ఒక ఉపాయం చెప్పాడు. రేపొక్కరోజూ అందరూ లెవెల్ క్రాసింగు మీదుగా చుట్టూ తిరిగి పడమటి గేటులోంచి వెళ్తే సరి. అరగంట నడక, అంతే కదా అన్నాడు. చాలామంది తలలూపారు. అక్క ఊపలేదు.

“ఒక్కరోజే అంటున్నారు బాబాయిగారూ. రేపు మనం అటు తిరిగి వెళ్తే, మన దారి అటేనని మనమే సంతకం పెట్టిచ్చినట్టు. ఈ గేటు మన మనవల కాలానికీ తెరుచుకోదు. పాసు చేతిలో పెట్టుకుని ఐదు నెలల్నుంచి దొంగల్లా దూరుతున్నాం. నాకు సిగ్గేస్తోంది. రేపు నేను ఈ గేటులోంచే వెళ్తాను. వచ్చేవాళ్లు ఆరున్నరకి రండి.”

తాళం నమిలి మింగుతావా అని ఎవరో వేళాకోళమాడారు. ఇంటికెళ్లాక అత్తగారు కూడా ముందు నీ నోటికి తాళం వేసుకో అని కసిరింది. తెల్లారేసరికి మాత్రం, తల దువ్వుకోని మనవరాలి చెయ్యి పట్టుకుని అందరికన్నా ముందు బయల్దేరింది ఆవిడే.

అక్క సంచీలో, పాత ఫ్లానెల్ ముక్కలో చుట్టిన కత్తెర ఉంది. వాళ్ల నాన్నది. బరువైన ఇనప కత్తెర, పట్టు దగ్గర నున్నగా అరిగింది. బట్టలు కుట్టేవాళ్ల కత్తెర గుడ్డని తప్ప ఇంకేదీ కొయ్యకూడదు, కోస్తే పదును చస్తుంది. ఒకసారి పిచ్చుక దానితో రంగు కాగితాలు కోస్తే తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. అంత పట్టింపు. అందుకే ఆమె గేటు ముందు వంగి, రిబ్బను అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది. నాసిరకం శాటిను. అయినా గుడ్డే.

“అమ్మాయ్, అది గవర్నమెంటు రిబ్బను,” అన్నాడు పెన్షను బాబాయి.

“ఏదైనా గుడ్డే కదా బాబాయిగారూ,” అని ఒక్క కోత కోసింది.

అందరూ గేటు అవతలున్న రూలుబాబు వంక చూశారు. ఆయన జేబులోంచి ఉత్తర్వు తీసి, పెదాలు కదుపుతూ మొదట్నుంచీ చదువుకున్నాడు. కిందపడ్డ రిబ్బను చూశాడు. మళ్లీ చుక్కల వైపు చూశాడు. ఆ తర్వాత తాళంచెవి బయటికి తీశాడు. తుప్పుపట్టిన తాళం రెండుసార్లు మొరాయించి మూడోసారి వదిలింది.

జనం ముందుకి కదలబోతే అక్క రెండు చేతులూ చాపి ఆపింది. లెక్కలాయన వచ్చి కూర్చునేదాకా ఎవరూ అడుగు వెయ్యొద్దంది. రూలుబాబే వంతెనెక్కి వెళ్లి, ఆయన్ని కుర్చీతో సహా తీసుకొచ్చాడు. లారీ పట్టేంత వెడల్పున గేటు తెరిచి ఉంటే, ముందు వెళ్లిన పదిమందీ అలవాటు కొద్దీ కడుపు పీల్చి పక్కకి తిరిగి నడిచారు. అక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “తిన్నగా నడవండి, మన గేటే,” అంటూ ఒక్కొక్కరినీ పంపింది. ఏడూ పది వెళ్లిపోయింది. దాని తర్వాత ఇంకో రెండు రైళ్లు వెళ్లిపోయాయి. కంపెనీలో సూపర్‌వైజరు తిట్టబోయే తిట్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు, అయినా కదల్లేదు. నాలుగువందల ఎనభైకి లెక్కలాయన బొటనవేలు వాచింది. ఐదువందలు దాటగానే అత్తగారు పమిటతో కళ్లొత్తుకుంది.

అప్పుడు అక్క గేటు పక్క దిమ్మ మీద కూర్చుని పిచ్చుకని మోకాళ్ల మధ్యకి లాక్కుంది. బడికి వేళవుతోంది. రెండు జడలూ బిగించి అల్లింది. కట్టడానికి ఇంట్లోంచి ఏమీ తేలేదు. కిందపడున్న రిబ్బను దులిపి, కొలిచి, సమంగా రెండు ముక్కలు చేసింది.

రెండో ముడి వేస్తుండగా జీపులో ఒక ఆఫీసరు దిగాడు. రిబ్బను ఎవరు కోశారని గద్దించాడు. రూలుబాబు ఉత్తర్వులో చుక్కలున్న చోట వేలు పెట్టి చూపించాడు.

“నేనే కోశాను,” అంది అక్క.

ఆఫీసరు చూపు పిల్ల జడల మీదికి వెళ్లింది. ఒకటి ఎరుపు, ఒకటి గులాబీ. “అది ప్రభుత్వ ఆస్తి. విప్పండి.”

“బడి వదిలాక రండి. ఇప్పుడు విప్పితే జడ మళ్లీ అల్లాలి. నాకు రైలుకి టైమైంది.”

ముడి ఇంకాస్త బిగించి, పిల్లని నాయనమ్మకి అప్పగించి, సంచీ భుజాన వేసుకుని గేటు మధ్యలోంచి తిన్నగా నడిచింది. లెక్కలాయన మీట నొక్కాడు. ఎవరూ అడక్కపోయినా పైకే చెప్పాడు, ఐదువందల పన్నెండు అని.