మురుగును చెరిగే చేతులు

తెల్లారగానే రెబెక్కమ్మ చేట తీసుకుని దొరువు గట్టుకు పోయేది. తోటపల్లి గూడూరు దాటి సముద్రం పక్కనుండే ఆ పాళెంలో అరవై గడపలు. బావి తవ్వితే ఉప్పునీళ్లే. ఇసకలో తవ్వుకున్న దొరువొక్కటే తాగేదానికి దిక్కు. తుపానుకు వాగు నోరు పూడిపోయినప్పటినించి పాళెం మురుగంతా సముద్రంలోకి పోయే దారిలేక దొరువులోకే మళ్లింది. కాచినా వడగట్టినా ఆ కంపు పోదు. ఆ నల్లటి నీళ్లను రెబెక్కమ్మ వెదురు చేటలోకి తోడుకుని వడ్లు చెరిగినట్టు చెరిగేది. చుక్క కూడా కారేది కాదు. మురుగు పొట్టుమాదిరి ఎగిరి పక్కన పడేది, తేట నీళ్లు బానలోకి జారేవి. ఆడోళ్లు బిందెలు వరస పెట్టుకుని కూరల సంగతీ పిల్లల సంగతీ మాట్లాడుకుంటా కూచునేవాళ్లు.

అట్లా అయిదేళ్లు. మధ్యలో పంచాయతీ సమితి ఆఫీసు నించి ఒక ఓవర్సీరు వచ్చినాడు. మూడు గుంటలు తవ్వి, ఒకదాంట్లో గులకరాళ్లు, ఒకదాంట్లో ఇసకా బొగ్గూ పోసి, కడదాంట్లో జమ్ము పెంచితే మురుగు దానంతటదే తేటపడుతుందని కాగితం మీద గీసి చూపించినాడు. పాళెమంతా ఆశపడింది. పోయేముందు ఆయన రెబెక్కమ్మ చెరిగిన నీళ్లు గ్లాసుడు తాగినాడు.

"బాగుండాయమ్మా. ఇక్కడ శుద్ధి ఏర్పాటు ఉందని రాస్తా. ఏమీ లేని ఊళ్లు ఇంకా శానా ఉండాయి."

"నా చేతులు ఎన్నాళ్లుంటాయి సార్?"

ఆయన అప్పటికే సైకిలెక్కినాడు. గుంటలు రాలేదు.

రెబెక్కమ్మకు కూతురొకతే, ప్రేమలీల. ఆ పిల్లను ఎప్పుడూ చేట ముట్టుకోనీలేదు. ఇంట్లో బియ్యం కూడా తనే చెరిగేది. పద్దెనిమిదో ఏట ప్రేమలీలకు నెల్లూరులో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. సోమవారం చేరాల.

ఆ వారమే రెబెక్కమ్మ భుజాలు వాచిపోయినాయి. రోజుకు సగం బిందెలే నిండుతుంటే, మిగతావాళ్లు దాహానికి ఆగలేక దొరువు నీళ్లే ముంచుకుని తాగినారు. వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. ముత్యాలయ్య ఇంట్లో ఇద్దరు బిడ్డలు ఒకే రోజు పోయినారు. శనివారం ఇంకో ముగ్గురు.

సోమవారం పొద్దున రెబెక్కమ్మ కుడిచెయ్యి పైకి లేవలేదు. పక్కింటి మాలకొండమ్మ వాడిపోయిన బిడ్డను భుజానేసుకుని వచ్చింది.

"అక్కా, ఒక్క చేటెడు. నోరెండిపోతా ఉంది బిడ్డకు."

రెబెక్కమ్మ ఎడంచేత్తో ఎత్తబోయింది. చేట జారి పడింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ పడింది. ట్రంకు పెట్టెతో బస్సుకు పోతా ఉన్న ప్రేమలీల ఆగింది. పెట్టె ఇసకలో దించి వచ్చి చేట అందుకుంది.

"ముట్టుకోబాక పాపా! బస్సు వస్తా ఉంది, పో!"

"ఒక్కసారి చూస్తానమ్మా. నాకు రాకపోతే పోతాలే."

రెబెక్కమ్మ కళ్లు మూసుకుంది. అయిదేళ్లుగా నీళ్లు తేటపడాలని ప్రార్థించిన నోటితోనే, ప్రభువా, ఈ పిల్ల చేతిలో నల్లగానే పడాల, నల్లగానే పడాల అని వేడుకుంది. మాలకొండమ్మ బిడ్డ అక్కడే మూలుగుతుండగా అట్లా వేడుకుంది.

కళ్లు తెరిచేసరికి మాలకొండమ్మ తన బిడ్డ నోట్లో తేట నీళ్లు పోస్తా ఉంది. వెనకాల బిందెలు ఒక్కొక్కటే ముందుకు జరుగుతున్నాయి. రోడ్డు మీద బస్సు రెండుసార్లు హారను కొట్టి కదిలిపోయింది. ప్రేమలీల తలెత్తలేదు. వంగి, ఇంకో చేటెడు తోడుకుంది.