దస్తూరి: హైమవతి

తేదీ: రెండువేల ఇరవై ఐదు, నవంబరు పదహారు, ఆదివారం, ఉదయం పది గంటలు. స్థలం: గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి హాలు. హాజరైనవారు: మా మామగారు వెంకయ్యగారు, అత్తగారు కోటిరత్నంగారు, నా భర్త చైతన్యకృష్ణ. వ్రాస్తున్నది నేను. విషయం: ఇంటి కోడలు స్నేహితురాళ్లతో కలిసి ఏడు రోజులు వియత్నాం వెళ్లి రావడం.

ఇంతవరకూ మామగారు చెప్పినట్టే రాశాను. మా ఇంట్లో ఏ నిర్ణయమైనా కాగితం మీద పడాలి. తుళ్లూరులో పత్తీ మిరపా పండిన మా పొలం రాజధానికి పోయి, ఆ నేలంతా బీరువాలో ఒక కాగితాల కట్టగా మారిన నాటినుంచి ఆయనకు కాగితం తప్ప మరేదీ నిజం కాదు. ఎం.ఏ. తెలుగు చదివి కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్న కోడలి చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఊరందరికీ చెప్పుకుంటారు. కౌలు ఒప్పందాలు, అన్నదమ్ముల పంపకాలు, పక్కింటి గోడ తగువులో రాజీ, ఇరవై నాలుగేళ్లుగా అన్నీ నేనే రాశాను. మగవాళ్లు సంతకాలు చేస్తారు. అన్నిటికన్నా అడుగున, సాక్షుల పేర్ల కింద, ‘దస్తూరి: హైమవతి’ అని నేను వేస్తాను. రాత మాత్రమే ఈమెది, ఇందులోని మాటతో ఈమెకు సంబంధం లేదని దాని అర్థం. ఆ బీరువాలో నాకున్న చోటు అదొక్కటే.

“ఇప్పుడు ఇల్లు పడిన ఇబ్బందులు రాయమ్మా,” అన్నారు మామగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి. “ఒకటి, మీ అత్తగారికి టైముకి టిఫిను లేదు. రెండు, నా కంచం నేనే కడుక్కోవాల్సొచ్చింది.”

రాశాను. డెబ్బై తొమ్మిదేళ్ల జీవితంలో ఒక మనిషి తాను తిన్న కంచాన్ని తానే కడుక్కున్న ఆ దుర్ఘటనను నా ముత్యాల్లాంటి అక్షరాలతో చరిత్రకెక్కించాను. వెళ్లేముందు మూడు రోజులు సెలవు పెట్టి వండి, పేరూ తేదీ రాసి అంటించి ఫ్రిజ్‌లో సర్దిన పద్నాలుగు డబ్బాల గురించి ఎవరూ రాయమనలేదు. నిన్న విమానం దిగి వచ్చి, పెట్టె విప్పకముందే, వాటిలో తొమ్మిదింటిని బూజుతో సహా కడిగాను. వేడిచేసి పెట్టేవాళ్లు లేరని మూతలే తియ్యలేదట.

“ఫోన్ చేస్తే విసుక్కుంది నాన్నా. అది కూడా రాయించండి,” అన్నారు మా ఆయన.

నిజమే, విసుక్కున్నాను. ఆకుపచ్చని సముద్రంలోంచి వేల కొండలు నిటారుగా లేచి నిలబడే హాలాంగ్ అనే చోట, పడవ పైఅంతస్తులో ఉన్నాను. నా పక్కన మా కాలేజీలోనే ఇంగ్లీషు చెప్పే మహిమ, పొన్నూరులో బియ్యం కొట్టు నడిపే లక్ష్మీదుర్గ. ముగ్గురం డిగ్రీలో ఒకే బెంచీ వాళ్లం. పొగమంచు తొలగి మొదటి కొండ బయటపడుతున్న క్షణంలో వీడియో కాల్ వచ్చింది. “కుక్కరు రబ్బరెక్కడ పెట్టావ్?” రెండో అర అన్నాను. లేదన్నారు. కెమెరా అటు తిప్పమన్నాను. నా వంటిల్లు, నా గరిటెలు, నా పోపులపెట్టె వరసగా తెరమీదికి వచ్చాయి. రబ్బరు కుక్కరు మూతకే ఉంది. నేను తలెత్తేసరికి కొండ వెనక్కి వెళ్లిపోయింది. సముద్రాలు దాటి వెళ్లి నేను కుక్కరు రబ్బరు చూశాను.

“కప్పలు కూడా తింటారంటగా అక్కడ,” అత్తగారు అందుకున్నారు. “ఏం తిన్నావో ఏమో! పైగా ఆ చొక్కా ఒకటి. ఆడదానికి జేబులెందుకే?”

నేను వేసుకున్నది హోయిఆన్ అనే పాత రేవుపట్నంలో కుట్టించుకున్న నీలం పట్టు కుర్తా. అక్కడి దర్జీ అమ్మాయి నా చుట్టూ టేపు తిప్పి కొలతలు తీసుకుంటుంటే నాకు కొత్తగా అనిపించింది. ఇక్కడ నా కొలత ఎప్పుడూ పాత జాకెట్టే. జేబు ఏ వైపు కావాలని సైగ చేసి అడిగింది. రెండువైపులా అన్నాను.

ఏం తిన్నానో కూడా చెప్పగలను. ఆ దర్జీ కొట్టున్న వీధిలోనే ఒకావిడ పొయ్యి ముందు చిన్న పీట మీద కూర్చుని, పసుపు కలిపిన బియ్యప్పిండిని పెనం మీద పోసి, రొయ్యలూ మొలకలూ చల్లి మడతపెడుతోంది. బాన్ సెయో అంటారట. నా కళ్లకు అట్టే. మొదటిది నా పళ్లెంలో వేసింది. నేను లేచి దాన్ని మహిమకు అందించబోయాను.

“కూర్చోవే తల్లీ! నీ అత్తమామలెవరూ లేరిక్కడ,” అంది మహిమ. “తిను, చల్లారిపోద్ది.”

విరిచాను. అంచు ఫటఫటమంది. అట్టు అంచు చప్పుడు చేస్తుందని నాకు నలభై తొమ్మిదో ఏట, పరాయి దేశంలో తెలిసింది. రోజుకు పదిహేను చొప్పున ఇరవై నాలుగేళ్లు పోసినదాన్ని. చివర్లో మిగిలిన పిండితో పోసుకుని, కాలేజీకి టైమవుతుంటే నిలబడే మింగిన ఆ మెత్తటి ముద్దనే అట్టు అనుకున్నదాన్ని. మహిమ నా కళ్లలో నీళ్లు చూసి పచ్చిమిరపకాయ కొరికావా అంది. మిరప నేలలో పుట్టినదాన్ని, నాకు కారం ఎక్కదు. అది కోపం. ఎవరిమీదో అక్కడ నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

“ఆఖరి అంశం రాయి,” మామగారు గొంతు సవరించుకున్నారు. “ఇకమీదట ఇంటి ఆడవాళ్లు భర్త వెంట లేకుండా దేశం దాటరాదు. సదరు హైమవతి పాస్‌పోర్టు నేటినుంచి పెద్దల బీరువాలో ఉండవలెను. రాసి, ఆ పాస్‌పోర్టు ఇటు తెచ్చియ్యి.”

“బీరువాలో ఉంటే జాగ్రత్తేగా హైమా,” అన్నారు మా ఆయన, ఫోనులోంచి తలెత్తకుండానే.

లేచి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చాను. బల్లమీద నా ముందే పెట్టుకుని, రాసిన కాగితాన్ని పక్కకు జరిపి, కొత్తది తీసుకున్నాను. అదే తేదీ, అదే స్థలం, అదే హాజరు. కింద నాలుగు వాక్యాలు రాసి పైకి చదివాను.

“హైమవతి అను నేను వచ్చే వేసవి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి డబ్బాలు ఉండవు. నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది. ఇకమీదట ఈ ఇంటి కాగితాలు ఎవరివి వారే రాసుకోవలెను.”



“మేం ఒప్పుకోకుండా ఇదేం ఒప్పందం?” అన్నారు మామగారు.

“ఒప్పందం కాదండీ మామయ్యగారూ. మీ సంతకాలకు చోటు కూడా వదల్లేదు, చూడండి.”

“నీకేమన్నా పిచ్చా?” మా ఆయన ఫోను కిందపెట్టారు. “సరే, భోజనాలయ్యాక మాట్లాడదాం.”

“అలాగే. మీరు వండండి, తింటూ మాట్లాడుకుందాం.”

కలం అలవాటుగా కాగితం అడుగుకు వెళ్లి ‘ద’ అని మొదలుపెట్టింది. దాన్ని కొట్టేశాను, ఇరవై నాలుగేళ్ల నా రాతలో మొదటి కొట్టివేత. పక్కన పేరొక్కటే, పూర్తిగా, సంతకంగా పెట్టాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టులో ఉంచి, అత్తగారు చూస్తుండగా పాస్‌పోర్టును కుడి జేబులో వేసుకున్నాను.