కోటు జేబులో ఆకు

భర్త నల్లకోటు ఇస్త్రీ చేసినప్పుడల్లా శాంతమ్మకు కుళ్లు పుట్టేది. మొగుడి మీద కాదు, కోటు మీద. అది కోర్టులకు పోతుంది, పట్నంలో సభలకు పోతుంది, చప్పట్లు వింటుంది. ఆ పూట ఆమె మాత్రం బొగ్గుల పెట్టె పట్టుకుని మొయినాబాద్‌ ఇంట్లోనే ఉంటుంది. ఆ కుళ్లును కాచి పోస్తే చేవెళ్ల దాకా సడకుకు తారు సరిపోయి, ఇంకో రెండు బకెట్లు మిగిలేది.

మిగలదా మరి? ఇద్దరిదీ ఒకటే చదువు, పట్నంలో ఒకటే సర్కారు లేబొరేటరీ. చచ్చినవాళ్ల కడుపులో ఏ విషం ఉన్నదో, పోలీసులు పట్టిన సంచిలో ఏ మత్తు ఉన్నదో తేల్చడం వాళ్ల పని. గంజాయి మత్తు మెదడులో ఎక్కడ పోయి కూర్చుంటుందో చూద్దామని ఆరేళ్లు ఎలుకల వెంట పడ్డది శాంతమ్మ. మత్తెక్కిన ఆ ఎలుకలు పిల్లి ఎదురైతే పక్కకు జరగమన్నట్టు చూసేవట. వ్యాసం అచ్చయిందేమో మొగుడు ప్రేమదాసు పేరు మీద. అడుగున చీమలంత అక్షరాల్లో, సీసాలు కడిగి సహకరించిన శ్రీమతికి కృతజ్ఞతలు.

"నువ్వు గూడ అచ్చులకెక్కినవ్ గదా," అన్నాడాయన.

"మొగని కిందనే అచ్చయినవ్, ఇంకేం గావాలె బిడ్డా?" అన్నది అత్త మారెమ్మ.

ఆ అరవై తొమ్మిది ఎండాకాలం తెలంగాణ ఉద్యమానికి బస్సులు నిలిచాయి, లేబొరేటరీకి తాళం పడ్డది. అందుకని సురంగల్‌లో బీరమ్మ అనే ముసలమ్మ మిద్దె మీద దొరికిన ఎండుటాకు మూటను పోలీసు జవాను నేరుగా ఇంటికే తెచ్చాడు. ప్రేమదాసు కుర్చీలోంచి లేవలేదు. ఆకుకు ఐదు వేళ్లున్నాయి, అంచులు రంపంలాగా ఉన్నాయి. గంజాయి అని రాసిచ్చి, మేజిస్ట్రేటుకు చూపించడానికి పిడికెడు ఆకు కోటు జేబులో వేసుకున్నాడు.

కోర్టు రోజు పొద్దున ఆ జేబు మీద నీళ్లు చల్లి పెట్టె ఆనించగానే పుల్లటి వాసన గుప్పుమన్నది. పుల్లకూర పప్పు పొయ్యి మీద ఉన్నప్పటి వాసన. విషాల పనిలో ఉన్నవాళ్లు చేయకూడని పనే, అయినా ఆమె ఒక ఆకు నాలుక మీద పెట్టుకున్నది. పులుపు. నార కోసం చేల గట్ల మీద వేసే గోగు! చూపుకు గంజాయికి తోబుట్టువు, కుండలోకి పుంటికూరకు, అదే గోంగూరకు, చెల్లెలు. బీరమ్మ ఎండబెట్టుకున్నది కూర.

లేబొరేటరీ మూసినప్పుడు ఇంటికి తెచ్చుకున్న మందుల పెట్టె తెరిచింది. ఒక సీసాలో తన పరిశోధనకని సర్కారు ఇచ్చిన గంజాయి సారం, ఇంకోదాంట్లో ఈ ఆకు రసం. రెండింట్లో గంజాయిని పట్టిచ్చే మందు చుక్కలు వేసి కుదిపింది. మొదటిది ఊదారంగుకు తిరిగింది. రెండోది తిరగలేదు.

చెబితే ఏమవుతుంది? "నేనే కనిపెట్టిన," అంటాడు కోర్టులో, ఇంకో వ్యాసం రాస్తాడు. చెప్పకపోతే? బీరమ్మ వకీలు ఆయన్ని ఉతికి ఆరేస్తాడేమో. ఆ ముచ్చట కళ్లారా చూడాలని ఆమెకు ఎంత ఆశ పుట్టిందో రాస్తే మంచిగుండదు. కానీ వకీలుకు తట్టకపోతే జైలుకు పోయేది ముసలమ్మ.

కోర్టుకు తీసుకుపోయే పోలీసు జీపు వచ్చింది. శాంతమ్మ సంచి పట్టుకుని వెనక ఎక్కింది.

"నువ్వెందుకు? వంటెవరు జేస్తరు?"

"అత్తమ్మకు చెప్పిన. ఆ ఆకు పరీక్ష జేసిన్రా?"

"చూస్తె తెలుస్తలేదా? నన్ను జూసి ఆకే చెప్తది, నేను గంజాయినని."

సంచి ఒళ్లోకి జరుపుకున్నదామె. తప్పు దిద్దుకునేందుకు ఆయనకు ఇవ్వవలసిన మోకా ఇచ్చేసింది.

చేవెళ్ల కోర్టులో బీరమ్మ కొంగుతో మూతి మూసుకుని బోనులో నిలబడ్డది. వకీలు అడిగాడు, "ఏ పరీక్ష చేసిన్రు?"

"రంగు పరీక్ష. నేనే, స్వయంగా," అన్నాడు ప్రేమదాసు, కోటు సవరించుకుంటూ. ఇస్త్రీ బ్రహ్మాండంగా ఉన్నది.

వెనక బెంచీ మీది నుంచి శాంతమ్మ లేచింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు మేజిస్ట్రేటు.

ఆమె ముందుకు నడిచి రెండు సీసాలూ ఆయన బల్ల మీద పెట్టింది.

"సీసాలు కడిగే శ్రీమతిని సార్. ఈసారి కడగలే."